కొండెక్కే తాడు రైలు: అపోహలు, వాస్తవాలు

చెన్నైలోని మన తెలుగువారు పళని యాత్రలో వించ్ (కొండ మీదికి తాడుతో లాగే పట్టాల బండి) ఎక్కి వచ్చాక దాని భద్రత గురించి నన్ను అడుగుతుంటారు. తాడుతో నడిచే లిఫ్టులు, వించ్‌ల నిర్వహణ నా వృత్తి కావడమే అందుకు కారణం. ఆ ప్రశ్నల వెనుక ఉన్న కొన్ని నమ్మకాలను సరిదిద్దడం అవసరమనిపించి ఇది రాస్తున్నాను.

అపోహ: ఊటీ రైలు, షోలింగూర్ రోప్ కారు, పళని వించ్ ఒకే కోవకు చెందినవి.

వాస్తవం: మేట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో మొదలైన నీలగిరి రైలుకు, అంటే ఊటీ రైలుకు, తాడే లేదు. పట్టాల మధ్యనున్న పళ్ళ కడ్డీని ఇంజను కింది పళ్ళ చక్రం పట్టుకోవడం వల్ల అది పన్నెండున్నర అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు ఎక్కగలుగుతుంది. షోలింగూర్ యోగ నరసింహస్వామి కొండకు 2024లో వచ్చిన రోప్ కారులో పెట్టెలు గాలిలో ఉక్కు తాడుకు వేలాడతాయి. పళని వించ్ పెట్టె మాత్రం పట్టాల మీదే ఉంటుంది, దాన్ని తాడు పైకి లాగుతుంది. ఇది చాలా పాత పద్ధతి. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ కోటకు సామాను చేరవేసిన తాడు బండి ప్రస్తావన 1515 నాటికే ఉంది.

అపోహ: పెట్టెనూ ప్రయాణికులనూ కలిపి మొత్తం బరువును మోటారే లాగుతుంది.

వాస్తవం: అసలైన ఫ్యూనిక్యులర్‌లో, అంటే పట్టాల మీద తాడుతో నడిచే కొండ రైలులో, ఒకే తాడుకు రెండు కొనల్లో రెండు పెట్టెలుంటాయి. బావి గిలకకు రెండు చేదలు కట్టినట్లు, ఒకటి దిగుతుంటే రెండోది ఎక్కుతుంది. ఉదాహరణకు ఖాళీ పెట్టె ఎనిమిది టన్నులు, జనం రెండున్నర టన్నులు, వాలు 30 డిగ్రీలు అనుకుందాం. జనంతో నిండిన ఒంటరి పెట్టెను లాగాలంటే అయిదు టన్నులకు పైగా బలం కావాలి. ఎదురుగా ఖాళీ పెట్టె దిగుతుంటే, రాపిడినీ తాడు బరువునూ పక్కన పెడితే, టన్నుంబావు చాలు. జనం నిండిన పెట్టె దిగుతూ ఖాళీ పెట్టె ఎక్కుతుంటే మోటారు పని లాగడం కాదు, వేగాన్ని అదుపు చేయడం. పోర్చుగల్‌లోని బ్రాగాలో 1882 నుంచి నడుస్తున్న బోమ్ జెసుస్ రైలుకు అసలు మోటారే లేదు. పై పెట్టె తొట్టిలో నీళ్ళు నింపుతారు, ఆ బరువుతో అది దిగుతూ రెండోదాన్ని పైకి తెస్తుంది, కింద ఆ నీళ్ళు వదిలేస్తారు.

అపోహ: ఒకే దారి గనుక మధ్యలో ఎవరో పట్టాలు మార్చకపోతే రెండు పెట్టెలూ ఢీకొంటాయి.

వాస్తవం: అక్కడ కదిలే భాగం ఒక్కటీ ఉండదు. తాడు ఒకటే కాబట్టి పెట్టెలు ప్రతిసారీ సరిగ్గా సగం దూరంలోనే కలుస్తాయి, అక్కడే దారి రెండుగా చీలి మళ్ళీ ఒకటవుతుంది. ఒక పెట్టెకు ఎడమవైపు చక్రాలకు మాత్రమే రెండు పక్కలా అంచులుంటాయి, కుడివైపు చక్రాలు అంచుల్లేకుండా వెడల్పుగా ఉంటాయి. రెండో పెట్టెకు ఇది తారుమారుగా ఉంటుంది. అంచుల చక్రం ఎక్కడా తెగని బయటి పట్టాను వదలదు కనుక ప్రతి పెట్టే తన పక్కకే వెళుతుంది. వెడల్పు చక్రం, తాడు దాటడానికి లోపలి పట్టాల్లో వదిలిన సందుల మీదుగా దొర్లిపోతుంది. కార్ల్ రోమన్ ఆప్ట్ అనే ఇంజనీరు 1879లో స్విట్జర్లాండ్‌లోని గీస్‌బాక్ వద్ద మొదలుపెట్టి, తరువాత మెరుగుపరచిన ఈ ఏర్పాటును నేను ఈ రంగంలోకెల్లా అందమైన ఆలోచనగా భావిస్తాను.

అపోహ: ఇది కాలం చెల్లిన సాంకేతికత.

వాస్తవం: స్విట్జర్లాండ్‌లోని స్టూస్ రైలు 2017లో ప్రారంభమైంది. దాని వాలు కొన్నిచోట్ల 47 డిగ్రీలు. వాలు ఎంత మారినా ప్రయాణికులు నిటారుగా నిలబడేలా దాని గదులు తిరుగుతాయి.

అపోహ: తాడు లావుగా, మెరుస్తూ ఉంటే భయం లేదు. ఒకవేళ తెగినా బ్రేకులు ఎలాగూ ఆపుతాయి.

వాస్తవం: ఇందులోని రెండు మాటలూ ప్రమాదకరమైనవే. ఉక్కు తాడు ఒక్కసారిగా తెగడం అరుదు, ముందు దానిలోని సన్నని తీగలు ఒక్కొక్కటిగా తెగుతాయి. అందుకే గ్రీజు తుడిచి, ఒక పేట తాడు చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగే నిడివిలో ఎన్ని తీగలు తెగాయో లెక్కిస్తాం, లోపలి తీగలను అయస్కాంత పరికరంతో పరీక్షిస్తాం. అయితే తాడు నడిమి భాగం కంటే, అది పెట్టెకు బిగిసే కొనే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. అక్కడ తాడు సాకెట్ (కొనను బిగించే లోహపు గూడు) లోపల దాగి ఉంటుంది, కంటికి కనిపించదు.

లిస్బన్‌లోని గ్లోరియా రైలులో 2025 సెప్టెంబరు 3న జరిగింది సరిగ్గా ఇదే. పై పెట్టెకు తాడు బిగించిన చోట విడిపోయింది, 16 మంది మరణించారు. ఆ ఉదయం కంటితో చేసిన తనిఖీలో లోపమేమీ కనబడలేదు, విప్పితే తప్ప ఆ చోటు కనపడదు. నడిపే వ్యక్తి బ్రేకులు వేశారు, కాని రెండో పెట్టె ఎదురు బరువు పోయాక ఒంటరి పెట్టెను ఆపే శక్తి ఆ బ్రేకులకు లేదు.

తాడు వదులైనా, వేగం మితిమీరినా వెంటనే పట్టానే కరిచి పట్టే బ్రేకు ప్రతి పెట్టెకూ ఉండాలి. దాన్ని పరీక్షించవలసింది ఖాళీ పెట్టెతో, తాడు బిగువుగా ఉన్నప్పుడు కాదు. పూర్తి బరువుకు సరిపడా ఇసుక బస్తాలు ఎక్కించి, ఎదురు బరువు సాయం లేనప్పుడు అది పెట్టెను నిలపగలుగుతుందో లేదో చూడాలి. తాడు కొనను కూడా నిర్ణీత కాలానికి కోసేసి, కొత్తగా సాకెట్ బిగించాలి.