ఎర్ర బల్బు కింద యుద్ధం: ఒక కవిత వెనక కథ

బ్రిటిష్ కవయిత్రి కెరొల్ ఆన్ డఫీ రాసిన ‘వార్ ఫొటోగ్రాఫర్’ కవిత 1985లో వచ్చింది. పేరు చూసి తెరిస్తే అందులో యుద్ధరంగం కనిపించదు. ఇంగ్లండుకు తిరిగొచ్చిన ఫొటోగ్రాఫర్ డార్క్‌రూమ్‌లో ఒక్కడే రీళ్లు కడుగుతుంటాడు. అక్కడ వణకని చేతులు ఇక్కడ వణుకుతుంటాయి. ట్రేలో ఒక ముఖం తేలుతుంది, దానితోపాటే ఆ మనిషి భార్య పెట్టిన కేకలూ గుర్తొస్తాయి.

అమలాపురం, రాజోలు స్టూడియోల్లో పెళ్లి ఫోటోలు కడిగినవాళ్లకు ఈ గది కొత్తేమీ కాదు. బొమ్మను పైకి తెచ్చే డెవలపర్ ద్రావణంలో కాగితాన్ని ఆడిస్తుంటే ముందు జుట్టు, కనుబొమలు వస్తాయి, ముఖం ఆ తర్వాతే. బొమ్మను నిలబెట్టే హైపో ద్రావణంలో వేసేదాకా తెల్లలైటు వెయ్యడానికి లేదు. ఆ ముఖం ఎవరిదైనా సరే, దాని ముందు నిలబడాల్సిందే. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసి వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకున్నప్పుడు కూడా రీళ్ల కాలమే. తుపాను యుద్ధం కాదు, నిజమే. కానీ ఆ శవాల ఫోటోలనూ ఎవరో ఒకరు చీకట్లో నిలబడి కడగాలి కదా.

ఏది చూపించాలన్న పేచీ మాత్రం పాతది. 1855లో క్రిమియా యుద్ధానికి వెళ్లిన రోజర్ ఫెంటన్ ఫోటోల్లో శవాలు లేవు. మూడేళ్ల తర్వాత లక్నో సికందర్ బాగ్‌లో ఫెలీచే బియాటో తీసిన ఫోటోలో చనిపోయిన సిపాయిల ఎముకలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. వాటిని కెమెరా కోసమే అలా పరిపించాడంటారు.

డఫీ ఇదంతా గాల్లోంచి అల్లలేదు. యుద్ధ ఫొటోగ్రాఫర్లు డాన్ మెకల్లిన్, ఫిలిప్ జోన్స్ గ్రిఫిత్స్ ఆమె స్నేహితులు. మెకల్లిన్ 1966 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు లండన్ పత్రిక సండే టైమ్స్ కోసం వియత్నాం, నైజీరియాలోని బయాఫ్రా, బీరూట్ తిరిగాడు. కంబోడియాలో తూటా ఆయన నికాన్ కెమెరాకు తగిలి ఆగింది. 1981లో పత్రిక మీడియా వ్యాపారి రూపర్ట్ మర్డోక్ చేతికొచ్చింది. ఆదివారం అనుబంధంలో యుద్ధాలు తగ్గి, దర్జా జీవితాల ముచ్చట్లు పెరిగాయి. 1984లో మెకల్లిన్‌కు ఆ పత్రికతో బంధం తెగింది. మరుసటి ఏడాదే ఈ కవిత. వంద బాధల్లోంచి ఎడిటర్ అయిదో ఆరో ఏరుకుంటాడన్న కవితలోని మాటను ఈ వెలుగులో చదివితే ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుస్తుంది.

స్నానానికీ భోజనానికీ మధ్య కళ్లు చెమర్చే పాఠకుల మీద డఫీ విసురు కాస్త తేలికైనదేనని నాకనిపిస్తుంది. పొయ్యి మీద మాంసం ఉడుకుతుండగా పేపరు తిరగేసే మనమంతా అంతే. ఆరేసి పంక్తుల నాలుగు చరణాల్లో, లెక్క తప్పని అంత్యప్రాసతో గుండెకోతను సర్దిన తీరే ఇందులో గొప్ప. లోపల ఎంత టెన్షన్ ఉన్నా పని వరసగా చేసుకుపోయే మనిషి ఆ కట్టులోనే దొరుకుతాడు.

1993లో సూడాన్‌లో రాబందు పక్కన కుంగిపోయిన బిడ్డ ఫోటో తీసిన కెవిన్ కార్టర్‌కు మరుసటి ఏడాది పులిట్జర్ వచ్చింది. కొద్ది నెలలకే ప్రాణం తీసుకున్నాడు. ఆ ఒక్క ఫోటోయే చంపిందని చెప్పుకుంటారు. కానీ ఆయన రాసిపెట్టిన చీటీలో వెంటాడే శవాలతోపాటు అప్పులూ, చేతిలో డబ్బు లేకపోవడమూ ఉన్నాయి. డఫీ కవిత కూడా చివరికి అక్కడికే వస్తుంది: విమానంలోంచి అతను చూసేది తనకు కూడు పెట్టే చోటును. అచ్చయిన వార్తను సెంటీమీటర్లలో కొలిచి డబ్బిచ్చే లైన్ అకౌంట్ మీద బతికిన మన మండల విలేకరులకు ఆ చివరి పంక్తులు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.