భద్రాచలం గేజీ చెప్పేది, చెప్పనిది

వానాకాలంలో గోదావరి పెరగడం మొదలైందంటే విలీన మండలాల (రాష్ట్ర విభజన వేళ తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాలు) నుంచి కోనసీమ లంకల దాకా అందరూ అడిగేది ఒక్కటే: భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుంది? అక్కడ నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో ఇవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల వద్ద వెలువడతాయి. గేజీ అంటే నీటిమట్టం చూపే కొలబద్ద; ఒక్కోదాని సున్నా ఒక్కో ఎత్తున మొదలవుతుంది కాబట్టి ఈ రెండు వరసల అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీల్లేదు.

ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, కాలువలకు ఎంత వదలాలో, సముద్రంలోకి ఎంత పోతోందో లెక్క చూసుకోవడం డెల్టాకు నిత్యావసరమైంది. అయితే వరదను ముందుగా పసిగట్టడానికి ఆ లెక్క చాలదు. ఎగువన ఏం జరుగుతోందో తెలియాలి. దేశంలో శాస్త్రీయ వరద అంచనాలు 1958లో ఢిల్లీ వద్ద యమునపై మొదలయ్యాయి. నేడు గోదావరిపై కాళేశ్వరం, పేరూరు, దుమ్ముగూడెం, దాని ఉపనది శబరిపై కుంట వంటి చోట్ల కేంద్ర జలసంఘం మట్టాలు నమోదు చేస్తోంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వరదలు ఒకేసారి కలిస్తే ఏమవుతుందో 1986 ఆగస్టు చూపించింది. భద్రాచలంలో 75.6 అడుగులు, సుమారు 27 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు). ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులకు పైగా. గట్లు తెగి ఊళ్లకు ఊళ్లే మునిగాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అడుగులను కళ్లతో చూడవచ్చు; వరద రోజుల్లో సిబ్బంది రాత్రిపూట కూడా టార్చిలైటు వేసి, నలుపు తెలుపు గీతల కొలబద్దపై నీరు ఎక్కడ తాకుతోందో గంటగంటకూ రాసుకుంటారు. క్యూసెక్కులను మాత్రం లెక్కకట్టాలి. నదిని అడ్డంగా భాగాలు చేసి, ఒక్కోచోట లోతు చూసి, నీటిలోకి కరెంట్ మీటరు (ప్రవాహ వేగం కొలిచే పరికరం) దించి, అది తిరిగే జోరును బట్టి వేగం తేలుస్తారు. ఇలా ఏళ్ల తరబడి కొలిచిన వాటితో ఇన్ని అడుగులకు ఇంత ప్రవాహమని ఒక వక్రరేఖ గీస్తారు. కానీ గోదావరి అడుగు ఇసుక. ప్రతి వరదా దాన్ని కొంత కోస్తుంది, కొంత మేట వేస్తుంది. నిరుటి రేఖ ఈ ఏడాదికి సరిపోతుందన్న హామీ లేదు.

2022 జులైలో భద్రాచలం మట్టం 71.3 అడుగులకు, ప్రవాహం 24 లక్షల క్యూసెక్కుల పైకి చేరినప్పుడు వివాదం రేగింది ఇందుకే. పోలవరం కట్టడాల వల్లే నీరు ఎగదన్నిందని తెలంగాణ, కాదని ఆంధ్రప్రదేశ్ వాదించాయి. 1986 అంకెలతో పోల్చి తీర్పు చెప్పేయడం తొందరపాటు. ఆ రెండు వరదల నడుమ పట్టణానికి కరకట్ట వచ్చింది, నది అడుగు మారింది, దిగువన ప్రాజెక్టు లేచింది. భద్రాచలం వద్ద, గోదావరిలో శబరి కలిసే కూనవరం వద్ద వివిధ ఏళ్లలో తీసిన నదీ గర్భపు కొలతలను, ఆయా వక్రరేఖలను బహిరంగంగా ఒకచోట పెడితే తప్ప ఈ వాదన తేలదు. కూనవరం మాట ప్రత్యేకంగా ఎందుకంటే, అక్కడ గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీటికి దారి దొరక్క వెనక్కి పోటెత్తుతుంది. ఆ ఒడ్డున ఉన్నవాళ్లు ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలో భద్రాచలం అంకె ఒక్కటే చెప్పలేదు.