గాజు స్లైడు, యాంటీబాడీ చుక్క, మధ్యలో తేమ

శ్రీకాకుళం

చిరంజీవులకు ఆశీస్సులు. రక్తంలో కాన్సర్ జాడల్ని పట్టే చిన్న గాజు చిప్ ఎలా తయారవుతుందో ఈ ఉత్తరంలో చెబుతాను.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు పిల్లలకు క్రియాటినిన్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కిడ్నీల సంగతి చెప్పే ఆ పదార్థం మామూలుగా డెసిలీటరు రక్తంలో ఒక మిల్లీగ్రాము అటూఇటూగా ఉంటుంది. అలాగే కొన్ని కాన్సర్లలో రక్తంలో పెరిగే ప్రోటీన్లున్నాయి, వాటిని మార్కర్లంటారు. ప్రోస్టేట్‌కి పీఎస్ఏ, కాలేయానికి ఏఎఫ్‌పీ, అండాశయానికి సీఏ-125. చిక్కంతా వాటి మోతాదుతోనే. పీఎస్ఏకి డాక్టర్లు చాలాకాలంగా హద్దుగా పెట్టుకున్నది మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు. లెక్క కట్టండి (మిల్లీగ్రాముకి పది లక్షల నానోగ్రాములు, డెసిలీటరుకి వంద మిల్లీలీటర్లు), క్రియాటినిన్ కంటే 2,500 రెట్లు తక్కువ. ఇంత కొంచెం సరుకుని, అదీ నాలుగైదు రకాలని ఒకేసారి పట్టుకోవడానికే మైక్రోఅర్రే చిప్.

చిప్ అంటే కంప్యూటర్‌లోది కాదు. మీ బడిలో మైక్రోస్కోపు కింద పెట్టే గాజు స్లైడే, 25 మి.మీ. వెడల్పు, 75 మి.మీ. పొడవు. దానిమీద వరసల్లో యాంటీబాడీ చుక్కలు. యాంటీబాడీ అంటే ఒక్క రకం పదార్థాన్నే గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్. ఒక్కో యాంటీబాడీ తన మార్కర్‌నే పట్టుకుంటుంది. ఏ చుక్క ఎక్కడ పెట్టామో తెలుసు కాబట్టి, ఏది మెరిస్తే ఆ మార్కర్ ఉన్నట్టు.

ఈ తయారీలో సగం తంటా తేమతోనే. ఒకచోట అది అసలు పనికిరాదు, మరోచోట అది లేకపోతే పని సాగదు.

ముందు గాజుని డిటర్జెంటుతో, ఆపైన ఇథనాల్‌లో కలిపిన సోడియం హైడ్రాక్సైడుతో కడుగుతారు. చేతొడుగులు, కళ్లజోడు లేకుండా ఆ సీసా ముట్టుకోకూడదు. నీటిబొట్టు వేస్తే పొరలా పరుచుకుందా, శుభ్రమైనట్టే. గుండ్రంగా నిలబడితే జిడ్డు మిగిలింది. తరవాత ఎపాక్సీ సిలేన్ పూత. దాని ఒక కొస గాజుకి అంటుకుంటుంది, రెండోది యాంటీబాడీని పట్టుకుంటుంది. నీరు లేని టోలుయిన్ అనే ద్రావణిలో దాన్ని 1 శాతం కలిపి, ఆవిర్లని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కింద స్లైడుని ముంచుతారు. తేమ తగిలితే సిలేన్ గాజుని వదిలేసి తనలో తానే గడ్డకడుతుంది, స్లైడు మీద తెల్లటి మసక కనిపిస్తుంది. ఆగస్టు ఉక్కపోతలో మన సిక్కోల్లో కిటికీ తెరిచి ఈ పని పెట్టుకుంటే పెట్టెడు స్లైడ్లూ పారేసుకోవాలి.

చుక్కలు పెట్టే దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. ప్రింటరు ఒక్కో చుక్కకి 300 పికోలీటర్లు వదులుతుంది. ఒక్క మైక్రోలీటరుతో మూడు వేలకు పైగా చుక్కలు! చుక్క వెడల్పు సుమారు 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను), చుక్కకీ చుక్కకీ నడిమి దూరం 400. అంత చిన్న చుక్క పొడిగాలిలో చిటికెలో ఎండిపోతుంది. ఎండితే ఏమవుతుందో ఇంట్లోనే చూడొచ్చు. స్టీలు పళ్లెంలో ఒక టీ చుక్క వేసి వదిలేయండి. అంచున ముదురు గీత, నడుమ పలచన. అంచు దగ్గర నీరు ముందు ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి నడిమి నీరు అటు పారుతూ, అందులో ఉన్నదాన్ని కూడా లాక్కుపోతుంది. యాంటీబాడీ కూడా అంతే, గారెలా తయారవుతుంది. అలాంటి చుక్క వెలుగు కొలిస్తే ఆ అంకెని నమ్మలేం. అందుకే ద్రావణంలో కాస్త ట్రెహలోజ్ చక్కెర కలుపుతారు, ప్రింటరు పెట్టెలో తేమని 60 శాతం దగ్గర నిలుపుతారు. ఏసీ వేస్తే గాలి పొడిబారిపోతుంది, ఆపేస్తే మన తీరంలో 80 దాటుతుంది, పక్కపక్క చుక్కలు ఉబ్బి కలిసిపోతాయి. గదిని నమ్ముకోకుండా పెట్టెకే విడిగా తేమ అమర్చాలి.

ప్రతి యాంటీబాడీని కనీసం నాలుగు చోట్ల పెట్టాలి, ఒక చుక్క చెడినా మిగతావి సాక్ష్యం చెబుతాయి. యాంటీబాడీ లేని ఉత్త ద్రావణం చుక్కలూ ఉండాలి, అవీ మెరిస్తే ఏదో తేడా ఉన్నట్టు. మూడు మూలల్లో ఎప్పుడూ మెరిసే గుర్తుచుక్కలు పెట్టి నాలుగో మూల ఖాళీగా వదలాలి. స్లైడుని తలకిందులుగా పెడితే వెంటనే తెలిసిపోతుంది.

రాత్రంతా తేమపెట్టెలో ఉంచాక, ఖాళీ గాజుకి ఇంకేదీ అంటకుండా 1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే ఒక ప్రోటీన్) ద్రావణంలో గంటసేపు ముంచుతారు. మెల్లగా ముంచితే అంటుకోని యాంటీబాడీ పక్కకి జారి తోకచుక్కలా మచ్చ పడుతుంది. ఒక్క ఊపున, ఎక్కువ ద్రావణంలో ముంచాలి. అక్కడి నుంచి పరీక్ష పూర్తయ్యేదాకా స్లైడు ఆరకూడదు. ఆరితే నేపథ్యమంతా మెరుస్తుంది.

పరీక్షలో సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే ద్రవం) ఒక గంట, చుక్కలో చిక్కిన మార్కర్‌కి అంటుకునే, బయోటిన్ అనే విటమిన్ తగిలించిన రెండో యాంటీబాడీ ఒక గంట, చివర ఆ బయోటిన్‌ని పట్టుకునే, మెరిసే రంగున్న స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్. ప్రతి మెట్టు తరవాత ట్వీన్ అనే సబ్బులాంటి పదార్థం కలిపిన ఉప్పుద్రావణంతో మూడుసార్లు కడుగుతారు. స్కానరు అంకె 65,535 చూపిస్తే అది కొలత కాదు, ఆ పైన దానికి అంకెల్లేవంతే. సున్నితత్వం తగ్గించి మళ్లీ చదవాలి.

అంకె పెరిగినంత మాత్రాన కాన్సరని కాదు. ప్రోస్టేట్ వాచినా పీఎస్ఏ పెరుగుతుంది. తేల్చేది బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష.

ఇంకొకటి. వెంటనే పరీక్ష చేయకపోతే, బీఎస్ఏలో ముంచకముందే చిప్పుల్ని తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో సీలు చేసి 4 డిగ్రీల దగ్గర దాస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే సీలు చింపకండి. గది వేడికి వచ్చేదాకా అరగంట ఆగండి. మన గాలికి చల్లటి గాజు మీద క్షణంలో చెమ్మ పడుతుంది, చుక్కలు చెదిరిపోతాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య