మెట్ల కింద పొన్నంకి పిట్ట

అక్టోబరులో ఓ పొద్దున్న విశాఖ ఎంవీపీ కాలనీలోని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అట్టపెట్టె పట్టుకొచ్చాడు. "మెట్ల కింద పడుందండి. ఇదేటి పిట్టండీ, ఇన్ని రంగులు!"

పొన్నంకి పిట్ట. ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్ల పట్టీ, పొట్టి తోక కింద కుంకుమ ఎరుపు. హిమాలయాల దిగువ అడవుల్లో, మధ్య భారతంలో వానాకాలం పిల్లల్ని పెంచి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ పోతుంది. జాతిగా అరుదేమీ కాదు, మా వీధిలోనే అరుదు.

దీని ప్రయాణం రాత్రిపూట. గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, డేగల బెడద తక్కువ, పగలంతా మేతకు మిగులుతుంది. రాత్రి వలసపోయే పిట్టలకు దారి చూపేవి చుక్కలు, భూమి అయస్కాంత క్షేత్రం. ఊరి దీపాలు వాటిని తికమకపెడతాయి, కిటికీ అద్దాలు ఆకాశంలా కనిపించి మోసం చేస్తాయి. అద్దానికి కొట్టుకున్న పిట్ట నోట్లో నీళ్లు పోయకండి. గాలాడే పెట్టెలో, చీకట్లో, కదపకుండా ఉంచితే చాలాసార్లు గంటా రెండు గంటల్లో తేరుకుంటుంది. మాది మధ్యాహ్నానికి వేపచెట్టులోకి ఎగిరింది.

అరుదైన పిట్ట కోసం దూరాలు పోనక్కర్లేదని అప్పటి నుంచీ నా నమ్మకం. దసరా నుంచి దీపావళి దాకా ఊళ్లోని ముడసర్లోవ రిజర్వాయరు గట్టే నా అడ్డా. దసరాకి అందరూ వెతికే పాలపిట్ట అక్కడ తీగల మీదే ఉంటుంది, దాన్ని దాటి చూడాలి. తొలిసారి వలసపోయే కుర్ర పిట్టల్లో చాలావాటికి తోడెవరూ ఉండరు. పుట్టుకతో వచ్చిన దిక్కు పట్టుకుని పోతాయి, అందులో తేడా వస్తే ఎక్కడో తేలతాయి. తుపాన్లు సముద్రపు పిట్టల్ని ఊళ్లమీదకి తోసేస్తాయి. 2014 అక్టోబరు 12న మన ఊరిని చితక్కొట్టిన హుద్‌హుద్ తుపాను పేరు కూడా ఓ పిట్టదే, తలమీద ఈకల కిరీటమున్న హూపోకి అరబ్బీ పేరు.

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఉల్లంకుల్ని, అంటే నీటి అంచున బురదలో మేసే పిట్టల్ని, చూడటం మాత్రం ఓపికకి పరీక్ష. ఈ కాలంలో అన్నీ బూడిదరంగే. ముక్కు పొడవు, కాళ్ల రంగు, నడిచే తీరు చూసి పోల్చుకోవాలి. నేను ఇప్పటికీ తప్పులు చేస్తాను.

మా గోడవతల తుప్పల్లోకి బ్రౌన్ ష్రైక్ అనే వలసపిట్ట వచ్చేసింది, పొద్దున్నే గరగరమంటోంది. ఉత్తరాసియా నుంచి ఇంత దూరం వచ్చి, ఏటా అదే తుప్పని పట్టుకునే పిట్టలు ఈ జాతిలో ఉన్నాయి. పొన్నంకి జాడ ఇంకా లేదు. వాచ్‌మన్ మెట్ల కింద చూస్తూనే ఉన్నాడు.