వేగపు పడవ నిలకడంతా వెనకున్న బెత్తెడులోనే

విజయనగరం పెద్ద చెరువులోనో, తాటిపూడి జలాశయంలోనో రిమోట్ పడవను నడిపించేవారికి ఒక ఇబ్బంది బాగా పరిచయం. సగం వేగంలో బుద్ధిగా సాగిన పడవ, థ్రాటిల్ పూర్తిగా నొక్కగానే ముక్కు ఎగరేస్తూ, పక్కలకు ఊగుతూ, చివరకు బోర్లాపడుతుంది. చాలామంది వెంటనే ప్రొపెల్లర్ మారుస్తారు, లేదా మోటారును తప్పుపడతారు. నా ఉద్దేశంలో ముందుగా చూడవలసింది ఆ రెండూ కావు, పడవ అడుగున వెనక చివరనున్న బెత్తెడు భాగం.

నెమ్మదిగా కదిలే పడవ తాను పక్కకు నెట్టిన నీటి బరువు మీద తేలుతుంది. వేగం పెరిగేకొద్దీ అడుగును తాకే నీటి ఒత్తిడే దాన్ని పైకి లేపుతుంది. దీన్నే ప్లేనింగ్ అంటారు. ఈ లేపుడు బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. పడవ బరువు మాత్రం మారదు కాబట్టి, దాన్ని మోయడానికి నీటిని తాకవలసిన అడుగుభాగం తగ్గిపోతూ వస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే 70 సెంటీమీటర్ల పడవలో ముందుభాగమంతా గాలిలోనే ఉంటుంది. వెనకనున్న కొద్దిపాటి అడుగు, సగం మునిగిన ప్రొపెల్లర్ కలిసి మొత్తం బరువును మోస్తాయి. అంత చిన్న చోట ఉన్న లోపం ఎంత చిన్నదైనా పడవంతటినీ కుదిపేస్తుంది.

ముక్కు పదే పదే లేచిపడే జబ్బునే తీసుకుందాం. చెరువులో పెంకు విసిరితే అది వేసే కప్పగంతుల లాంటివే ఇవీ. ముక్కు లేచినప్పుడు నీటిని తాకే పొడవు తగ్గి, లేపుడు బలం పనిచేసే చోటు వెనక్కి జరుగుతుంది; దాంతో బరువు ముందుకు తూగి ముక్కు పడిపోతుంది. పడగానే తడిసే పొడవు పెరిగి, ఆ చోటు మళ్లీ ముందుకు వచ్చి, ముక్కును ఎగదోస్తుంది. ఒక వేగం దాటాక ఈ గంతులు అలల అవసరం లేకుండానే వాటంతటవే సాగుతాయి.

ఇందుకు కారణం తరచుగా కంటికి కనిపించదు. పడవను తిరగేసి, అడుగు వెనక భాగం మీద స్టీలు స్కేలు అంచును పొడవు వెంబడి ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. స్కేలు మధ్యలో ఆని రెండు చివర్లా సందు కనిపిస్తే అడుగు ఉబ్బి ఉన్నట్టు. ఉబ్బిన తలం మీదుగా జారే నీరు దాన్ని కిందికి పీలుస్తుంది, వెనక భాగం దిగుతుంది, ముక్కు లేస్తుంది. దీనికి విరుగుడు గరుకు కాగితాన్ని చదునైన చెక్కకు చుట్టి ఓపికగా అరగదీయడం. సందు మధ్యలో కనిపిస్తే అడుగు గుంటపడినట్టు. అప్పుడు ముక్కు నీటిలోకి వంగి వేగం తగ్గిపోతుంది, ఎపాక్సీతో గుంట పూడ్చాలి. అడుగు ముగిసే వెనక అంచు, పక్కలను కలిసే అంచులు గుండ్రంగా ఉండకూడదు. గుండ్రటి అంచును నీరు వదలకుండా చుట్టుకుని పైకి పాకి పడవను వెనక్కి లాగుతుంది. వేలితో తడిమితే కోసుగా తగిలే అంచు నుంచి అది తెగి విడిపోతుంది. అచ్చులో పోసి తయారయ్యే పడవలకు ఈ అంచులు తరచుగా మొద్దుగానే వస్తాయి.

అడుగు సరయ్యాక బరువు సంగతి చూడాలి. ఇంగ్లిష్ వి అక్షరపు ఆకారంలో అడుగు ఉన్న పడవకు గురుత్వకేంద్రం వెనక అంచు నుంచి పొడవులో దాదాపు 30 శాతం దూరంలో ఉండేలా మొదలుపెట్టడం మంచిది. 70 సెంటీమీటర్ల పడవకు అది 21 సెంటీమీటర్లు. రెండు కిలోల పడవలో 400 గ్రాముల బ్యాటరీని 2 సెంటీమీటర్లు ముందుకు జరిపితే గురుత్వకేంద్రం 4 మిల్లీమీటర్లే కదులుతుంది. కాబట్టి బ్యాటరీని రవ్వంత జరిపి ఫలితం లేదనుకోవడం తొందరపాటు. ప్రొపెల్లర్ ఇరుసును అడుగుకు సమాంతరంగా ఉంచి, ట్రిమ్ ట్యాబులను, అంటే వెనక అంచుకు బిగించే చిన్న రేకులను, అడుగుతో సమంగా పెట్టి, ఆ తర్వాతే ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా మార్చాలి. ట్యాబులు రెండూ కిందికి వంచితే వెనక భాగం లేచి ముక్కు దిగుతుంది.

పక్కలకు ఊగడం వేరే జబ్బు. ముందుభాగం మరీ ఎక్కువగా లేచినప్పుడు పడవ సన్నని వెన్ను మీదే పరుగెడుతుంది. ఒక పక్కకు ఒరగగానే ఆ పక్క అడుగుకు నీరు తగిలి అవతలికి తోస్తుంది, ప్రతి తోపుకూ ఊపు పెరుగుతుంది. బ్యాటరీని వీలైనంత కిందుగా, కదలకుండా బిగించి, ముక్కును కొద్దిగా దించితే చాలావరకు నయమవుతుంది. ఊగకుండా ఎప్పుడూ ఒకే పక్కకు ఒరుగుతుంటే అది ప్రొపెల్లర్ తిరుగుడుకు ఎదురుగా పడవ తిరగబోవడమే. దిగే పక్కనున్న ట్యాబును కాస్త కిందికి వంచాలి, లేదా బ్యాటరీని లేచే పక్కకు జరపాలి.

ఇక గాలి. సముద్రానికి దగ్గరైన ఈ ప్రాంతంలో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి వీస్తుంది. గంటకు 50 కిలోమీటర్లతో పోయే పడవకు 15 కిలోమీటర్ల ఎదురుగాలి తోడైతే, ముక్కు కింద గాలి తోపు దాదాపు 70 శాతం పెరుగుతుంది. 1967 జనవరి 4న ఇంగ్లండులోని కోనిస్టన్ సరస్సులో వేగపు రికార్డు కోసం డోనాల్డ్ క్యాంప్‌బెల్ నడుపుతున్న బ్లూబర్డ్ అనే జెట్ పడవ గంటకు 450 కిలోమీటర్లకు పైగా వేగంలో ముక్కు లేచి, గాలిలో పల్టీకొట్టింది. ఆయన ప్రాణాలు పోయాయి. బొమ్మ పడవ పల్టీకొడితే మనం చెరువులోకి దిగకూడదు. గుర్రపుడెక్క, బురద ఉన్నచోట ఈతగాళ్లకూ ప్రమాదమే. గేలపు కర్రతో టెన్నిస్ బంతి కట్టిన దారాన్ని పడవకు అవతల విసిరి లాక్కోవచ్చు. ఒడ్డుకు వచ్చాక ముందు బ్యాటరీ తీసి ఆరుబయట ఒంటరిగా పెట్టి, కాసేపు గమనించిన తర్వాతే ఇంటికి తీసుకుపోవాలి.