ఇత్తడి ఫలకం మీద ఎద్దు: మా క్లబ్బు చిహ్నం వెనక కథ

ఒడిశాలోని బరంపురంలో మా తెలుగువాళ్ల క్లబ్బు గుమ్మం పక్కన జానెడు ఇత్తడి ఫలకం ఒకటి ఉంది. డాలు ఆకారం, అందులో మూడు గళ్లు, కింద రిబ్బను. దాన్ని తీసేసి కొత్త లోగో పెట్టాలని కమిటీ ప్రతిపాదన. కొత్తది గుండ్రంగా ఉంది. మధ్యలో దీపం, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు. సర్వసభ్య సమావేశంలో ఓటింగు పెడతారట. చేతులెత్తే ముందు పాతదాంట్లో ఏముందో అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

డాలు మనది కాదు, నిజమే. 12వ శతాబ్దంలో యూరప్‌లో నిలువెల్లా కవచం తొడుక్కున్న యోధుడు ఎవరో తెలియడానికి డాలు మీద గుర్తులు వేయడం మొదలైంది. అది వంశచిహ్నంగా మారి, తర్వాత ఊళ్లకీ కాలేజీలకీ క్లబ్బులకీ పాకింది. మన దగ్గరికి తెల్లవాళ్లతో వచ్చింది. 1877 ఢిల్లీ దర్బారులో సంస్థానాధీశులకు ఇలాంటి చిహ్నాలు గీయించిన జెండాలు బహూకరించారు. క్లబ్బు అనేదీ ఆ దారినే వచ్చింది. 1832లో పెట్టిన మద్రాసు క్లబ్బులో భారతీయులకు సభ్యత్వం లేదు. అందుకే 1873లో అక్కడే కాస్మోపాలిటన్ క్లబ్బు పుట్టింది. అప్పట్లో మన గంజాం జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. కాబట్టి అక్కడి అలవాట్లు ఇక్కడికి రావడంలో వింతేమీ లేదు.

కానీ డాలు లోపలున్నది మాత్రం మనదే. మొదటి గడిలో పడుకున్న ఎద్దు, దాని పక్కన అంకుశం. ఇది ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన తూర్పు గంగరాజుల లాంఛనం, అంటే రాజచిహ్నం. వాళ్ల తామ్రశాసనాల రేకులను గుచ్చిన కడియం మీద ముద్రలో ఇదే ఎద్దు కనిపిస్తుంది. వేంగి చాళుక్యుల ముద్రలో వరాహమూ అంకుశమూ, వాటితో ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలూ ఉంటాయి. అంటే గుర్తుతో తమను చెప్పుకునే పద్ధతి మనకు యూరప్ డాలు కంటే పాతది. గంగరాజుల రాజధాని కళింగనగరం, ఇప్పటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగం. పూరీ జగన్నాథ ఆలయం కట్టించిన అనంతవర్మ చోడగంగ దేవుడు ఆ వంశం వాడే, కోణార్క కట్టించిన నరసింహదేవుడూ ఆ వంశం వాడే. ఈ ఎద్దు తెలుగువాళ్లదా, ఒడియావాళ్లదా అని అడిగితే జవాబు ఉండదు. ఇద్దరిదీ. ఆ ఎద్దును ఏరి మొదటి గడిలో పెట్టినవాళ్ల తెలివి నాకు ఎప్పుడూ గొప్పగానే అనిపిస్తుంది.

రెండో గడిలో నాడె ఉంది, మగ్గంలో పేకదారాన్ని అటూ ఇటూ మోసే పరికరం. తరాల కిందట ఇక్కడికి వలస వచ్చిన దేవాంగుల మగ్గాల గుర్తు అది. బరంపురం పట్టుచీరకు పేరు తెచ్చింది వాళ్ల చేతులే. ఈనాటికీ వాళ్ల ఇళ్లలో మాట తెలుగే. కింది గడిలో అలలు, ఋషికుల్య నది.

చిన్నప్పుడు ఆ ఫలకం మీద వేలు పెట్టి రాస్తే గరుకుగా తగిలేది. ఎద్దు వెనకాల సన్నటి నిలువు గీతలు, ఎద్దు ఒంటి నిండా చుక్కలు, నాడె వెనకాల అడ్డగీతలు. తోమితోమి పడిన గీతలనుకున్నాను. ఒకరోజు మా తాతగారు అన్నారు: “గీతలు కావురా బాబూ, అవి రంగులు.” రంగు వేయడం కుదరని లోహం మీదా అచ్చు మీదా గీతలతోనే రంగు చెప్పే పద్ధతి 17వ శతాబ్దంలో యూరప్‌లో స్థిరపడింది. నిలువు గీత ఎరుపు, అడ్డగీత నీలం, చుక్కలు బంగారం, ఏమీ లేకపోతే వెండి. అంటే మాది ఎర్రటి నేల మీద బంగారు ఎద్దు, నీలం మీద వెండి నాడె. కిందటేడు ఫ్లెక్సీలో ఆ ఎద్దుకు ఆకుపచ్చ వేశారు. చూస్తే మనసు చివుక్కుమంది.

డాలు పైన ఖాళీగా ఉన్నచోట ఒకప్పుడు కిరీటం ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక ఆకురాయితో అరగదీశారు. ఆ గరుకు ఇప్పటికీ తెలుస్తుంది. అక్కడ మూడు సింహాలు పెడదామని కొందరంటున్నారు. అది కుదరదు. జాతీయ చిహ్నాన్ని ప్రైవేటు సంఘాలు వాడకూడదని 2005 చట్టం ఉంది. అయినా అశోకుడు మనకు దూరం కాదు. ఋషికుల్య ఒడ్డున జౌగడలో ఆయన శాసనం ఉంది, మనుషులందరూ నా బిడ్డలే అని చెక్కించిన బండ. కింది గడిలో ఆ నది అలలు ఉండనే ఉన్నాయి.

ఇక రిబ్బను. కొత్త డిజైనులో పూర్తిగా పోయేది ఇదే. ‘సంగచ్ఛధ్వం సంవదధ్వం’ అన్న ఋగ్వేద వాక్యం, కలిసి నడవండి, కలిసి మాట్లాడండి అని. సగం మీద తెలుగు లిపి, సగం మీద ఒడియా లిపి, రెండింట్లోనూ అవే మాటలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం అటు వెళ్లింది, పాతిక కిలోమీటర్ల లోపలే ఉన్న ఇచ్ఛాపురం మద్రాసులో ఉండిపోయింది. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్లు రెండు రాష్ట్రాల కోడళ్లయ్యారు. పిల్లలు బడిలో ఒడియా రాస్తూ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగారు. నేనూ అలాగే పెరిగాను. ఆ రెండు లిపులను ఒకే రిబ్బను మీద పక్కపక్కన చెక్కించినవాళ్లు మా ఇళ్లలో సంగతే చెక్కించారు.

డాలు ఆకారం పాతబడిందంటే నాకు అభ్యంతరం లేదు, గుండ్రంగానే చేయండి. ఎద్దూ నాడె తీసుకోండి, రంగులు సరిగ్గా వేయండి, రెండు లిపులూ ఉంచండి. సమావేశంలో ఈ సవరణ నేనే ప్రతిపాదిస్తాను. ఫలకాన్ని కూడా బల్ల మీద పెట్టిస్తాను, అందరూ ఒకసారి చేత్తో తడిమి చూడొచ్చు.