కార్లావరాక్ కోటను కూలగొట్టిందెవరు?

కోట అనగానే మనకు ముందు కొండ గుర్తొస్తుంది. గోల్కొండ, కొండవీడు, కొండపల్లి, పేర్లలోనే కొండ ఉంది కదా. స్కాట్లాండ్ దక్షిణపు అంచున ఉన్న కార్లావరాక్ దీనికి పూర్తిగా రివర్స్. డమ్‌ఫ్రీస్ ఊరికి దాదాపు 13 కిలోమీటర్ల దూరంలో, సోల్వే అనే సముద్రపు పాయ పక్కన, చిత్తడి నేల మీద కట్టారు. చుట్టూ నీళ్లు నిండిన కందకం, మధ్యలో మూడు మూలల కోట, ఒక మూలన జంట బురుజుల సింహద్వారం. ఈ ఆకారం కోట బ్రిటన్ మొత్తంలో ఇంకోటి లేదు. 1300లో దీన్ని చూసిన ఒక కవి డాలులా ఉందన్నాడు, నాకైతే పైనుంచి తీసిన ఫొటోలో సమోసాలా కనిపిస్తుంది.

ఇప్పుడు దక్షిణపు గోడ లేదు, ఆ వైపు బురుజుల్లో ఒకటి మొదలు దాకా పోయింది. ఎవరు పడగొట్టారంటే వెంటనే వచ్చే జవాబు "ఇంగ్లీషువాళ్లు". అది సగమే నిజం.

ఈ కోట మాక్స్‌వెల్ వంశానిది. వాళ్లు 1220ల ప్రాంతంలో మొదట కట్టింది అసలు ఇది కాదు, ఇక్కడికి దక్షిణంగా సుమారు 200 మీటర్ల దూరంలో ఇంకోటి. అక్కడ నేల మరీ మెత్తన, పునాదులు కుంగాయి, దాంతో కొంచెం గట్టి చోటు చూసుకుని 1270లలో ఇప్పటి కోట మొదలుపెట్టారు. కందకం మీది వంతెన దుంగలు 1277 ప్రాంతంలో నరికిన చెట్లవని చెక్కలోని వలయాలు లెక్కపెట్టి తేల్చారు.

పాతికేళ్లు తిరక్కుండానే, 1300 జులైలో, ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 87 మంది నైట్లతో (కవచాలు తొడిగిన గుర్రపు యోధులు), దాదాపు 3,000 మంది సైన్యంతో వచ్చి పడ్డాడు. రాళ్లు విసిరే యంత్రాలు కూడా తెచ్చాడు. రెండు రోజుల్లో కోట లొంగిపోయింది, తీరా బయటికి వచ్చినవాళ్లు అరవై మంది! రాజు వాళ్లకు ప్రాణభిక్ష పెట్టి కొత్త బట్టలిచ్చి పంపాడని ఆ కవి రాశాడు, చాలామందిని ఉరి తీయించాడని ఒక మఠం చరిత్ర చెబుతుంది. రాజు వెంట వచ్చిన కవి రాజు గురించి ఇంకేం రాస్తాడు, నేనైతే మఠం మాటే నమ్ముతాను.

అసలు తమాషా 1312లో జరిగింది. అప్పటిదాకా ఇంగ్లీషు రాజు తరఫున కోటను కాస్తున్న యూస్టాస్ మాక్స్‌వెల్ స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ పక్షానికి మారాడు. ఇంగ్లీషువాళ్లు ముట్టడించారు, ఈసారి కోట నిలబడింది. నిలబడ్డ కోటను యూస్టాసే చేజేతులా పడగొట్టించాడు, ఎందుకంటే శత్రువు చేతికి చిక్కితే పనికొచ్చే కోట ఏదీ మిగలకూడదన్నది బ్రూస్ పద్ధతి.

ఇలా తిరిగి కట్టడం, తిరిగి పోగొట్టుకోవడం ఆ వంశానికి అలవాటైపోయింది. 1542లో సోల్వే మాస్ యుద్ధంలో ఇంగ్లీషువాళ్లకు చిక్కిన మాక్స్‌వెల్ ప్రభువు 1545లో కోటను వాళ్లకే అప్పగించాల్సి వచ్చింది. 1570లో స్కాట్ల రాణి మేరీ పక్షాన ఉన్నందుకు ఇంగ్లీషు సేనాని ససెక్స్ ఎర్ల్ (ఎర్ల్ అంటే పెద్ద ప్రభువు బిరుదు) మందుగుండు పెట్టి పేల్చాడు. వీళ్లను పూటకో పక్షం మనుషులని తిట్టడం తేలికే కానీ, సరిహద్దు మీద, ఎదుటి రాజ్యానికి కనిపించేంత దూరంలో కాపురం పెట్టినవాళ్లకు వేరే దారి ఉండేదా అని నాకు అనుమానం.

ఇది చాలదన్నట్టు పక్కనే జాన్‌స్టన్ వంశంతో పగ. 1593లో డ్రైఫ్ శాండ్స్ పోరులో ఎనిమిదో మాక్స్‌వెల్ ప్రభువు చనిపోయాడు. కొడుకు 1608లో రాజీ మాటలకని పిలిచి జాన్‌స్టన్ నాయకుణ్ణి వెనక నుంచి పిస్తోలుతో కాల్చాడు, 1613లో ఎడిన్‌బరోలో అతని తల తీశారు.

అతని తమ్ముడు రాబర్ట్ మాత్రం రాజుకు దగ్గరై 1620లో నిత్స్‌డేల్ ఎర్ల్ అయ్యాడు. యుద్ధాల కాలం పోయింది అనుకున్నాడో ఏమో, 1634 ప్రాంతంలో కోట లోపల ఒక సోకైన మేడ కట్టించుకున్నాడు, పెద్ద పెద్ద కిటికీలు, వాటి మీద చెక్కిన రాతి బొమ్మలు. అందులో ఉన్నది ఆరేళ్లే. ఆయన కాథలిక్, పైగా మొదటి చార్లెస్ రాజు మనిషి. అటువైపు, మతం విషయంలో ఆ రాజుకు ఎదురు తిరిగిన కవనెంటర్లనే ప్రొటెస్టెంట్ స్కాట్లు. 1640లో వాళ్లు పదమూడు వారాలు ముట్టడి వేశారు, చివరికి రాజే లొంగిపొమ్మన్నాడు. దక్షిణపు గోడ, ఆ మూల బురుజు పోయింది అప్పుడే. పడగొట్టింది స్కాట్లాండ్ వాళ్లే.

ఆ తర్వాత కోటలో ఎవరూ కాపురం లేరు. ఐదో ఎర్ల్ విలియం గద్దె పోయిన స్టూవర్ట్ రాజవంశం కోసం 1715లో జరిగిన జాకబైట్ తిరుగుబాటులో పట్టుబడితే, తెల్లవారితే మరణశిక్ష అనగా, భార్య వినిఫ్రెడ్ ఆడవాళ్ల బట్టలు తొడిగి లండన్ టవర్ నుంచి అతన్ని బయటికి నడిపించుకొచ్చింది. అతను 1744లో రోమ్‌లో పోయాడు. కోట వారసత్వంగా చేతులు మారి నార్‌ఫోక్ డ్యూక్ దాకా వచ్చింది, 1946లో ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్లింది. రాబర్ట్ మేడ కిటికీల మీది రాతి బొమ్మలు మాత్రం ఇంకా ఉన్నాయి, పైన కప్పు లేదు.